చీకటయ్య ఆర్పిన స్విచ్చు

ఆ విత్తన పరిశోధన కేంద్రంలో హెడ్ క్లర్కుకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గానీ, అది జీతం పట్టీలో తప్ప ఇంకెక్కడా కనిపించదు. అందరికీ ఆయన చీకటయ్య. మొదట్లో చాటుగా అనుకునేవారు. కొన్నాళ్లకి ఎదురుగానే అనడం మొదలుపెట్టారు. పిలిస్తే ఆయనా పలికేవాడు.

ఎవరూ లేని గదిలో లైటు వెలుగుతుంటే ఆయనకి ఒంటిమీద జెర్రులు పాకినట్టుండేది. సాయంత్రం అందరూ వెళ్లిపోయాక కింది అంతస్తూ పై అంతస్తూ తిరిగి లైట్లు, ఫ్యాన్లు, ప్రింటర్లు, చివరికి కంప్యూటర్ల మూలన మినుకుమినుకుమనే చుక్కలు కూడా ఆర్పితే తప్ప ఇంటిముఖం పట్టేవాడు కాదు. ఒకసారి లోపల మనిషి ఉండగానే బాత్రూము లైటు ఆర్పేశాడు. ఆ మనిషి డైరెక్టరు. ఆయన పెద్దమనిషి కాబట్టి గోడ తడుముకుంటూ బయటికొచ్చి ఏమీ అనలేదు. ఆ మర్నాటి నుంచి మాత్రం బాత్రూముకి వెళ్లినప్పుడల్లా ఉండుండి గట్టిగా దగ్గడం అలవాటు చేసుకున్నాడు.

చీకటయ్య సాధించినవి లేకపోలేదు. టీ దగ్గర కాగితం కప్పులు మానిపించి, ఎవరి గ్లాసు వాళ్లు తెచ్చుకుని ఎవరిది వాళ్లు కడుక్కునేలా చేయడానికి ఆయనకి ఏడాదిన్నర పట్టింది. ఏసీల నుంచి కారే నీళ్లు గోడ వెంట పోకుండా గొట్టాలు పెట్టించి బకెట్లలో పట్టించాడు. ఆ నీళ్లతోనే వరండాలు తుడిచేవారు. స్టోర్స్ కూడా ఆయన చేతిలోనే ఉండేది. కొత్త వస్తువు కావాలని ఎవరైనా ఇండెంటు పెడితే పాతదాని గతేమిటో చూడకుండా సంతకం పెట్టేవాడు కాదు. కాలు విరిగిన కుర్చీ వడ్రంగి దగ్గరికి వెళ్లి కాలు తెచ్చుకునేది. పిసినారి అని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. "ఎంగిలి చేత్తో కాకిని తోలనివాడు పిసినారి. నాకు కాకి మీద ఏం కోపం లేదు. మెతుకు నేలపాలు కావడం మీదే నా కోపం" అనేవాడు.

ఇంట్లో పొదుపు మాత్రం ఆయన భార్యది. ఆవిడ దానికి పేరేమీ పెట్టలేదు, ఎవరికీ చెప్పలేదు. రెండు వీధుల అవతల ఆవిడకి కుట్టుమిషన్ల దుకాణం ఉంది. రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల. రోజూ మిగిలే గుడ్డముక్కల్ని రంగుల వారీగా సంచుల్లో కూరి, తీరిక దొరికినప్పుడు కాళ్లు తుడుచుకునే పట్టాలుగా, దిండు గలేబులుగా మార్చేది. ఇంట్లో కూరగాయలు కడిగిన నీళ్లు కుండీలకి వెళ్లేవి. పొయ్యి మీద ఒకటి ఉడుకుతుంటే దాని ఆవిరికే రెండోది మగ్గేది. చీకటయ్య ఇవేవీ చూసేవాడు కాదు. ఇస్త్రీపెట్టె వేడెక్కడానికి రెండు నిమిషాలు చాలు, మూడెందుకు అని ఉపన్యాసం మాత్రం ఇచ్చేవాడు. పదో తరగతి చదివే కూతురు "నాన్నకి చెయ్యి అందితే సూర్యుణ్ని కూడా ఆరింటికే ఆర్పేస్తాడు" అనేది.

ఎండలు ముదిరిన కాలం. మూడు రోజులు వరుసగా సెలవులు వచ్చాయి. సెలవుల ముందు రోజు మధ్యాహ్నం చీకటయ్య సగం పూట సెలవు పెట్టి తల్లిని కంటి డాక్టరుకి చూపించాడు. డాక్టరు శుక్లాలు ముదురుతున్నాయని, ఇంకో రెండు నెలల్లో ఆపరేషన్ చేద్దామని, అందాకా మంచి వెలుతురున్న చోట కూర్చోబెట్టమని చెప్పాడు. తల్లిని ఇంట్లో దింపాక సాయంత్రం అయింది. ఆయనకి మనసు నిలవలేదు. మూడు రోజులు. ఎవరు ఏది వెలిగించి వెళ్లిపోయారో. సైకిలెక్కి ఆఫీసుకి బయల్దేరాడు.

పక్క గుమ్మం తాళంచెవి ఒకటి ఆయన దగ్గర ఉండేది. అప్పటికే అందరూ వెళ్లిపోయారు. వాచ్‌మన్ పెద్దాయన వెనక గేటు దగ్గర పైపుతో మొక్కలకి నీళ్లు పెడుతున్నాడు. చీకటయ్య లోపలికి రావడం ఆయన చూడలేదు. కింద మూడు లైట్లు, పైన ఒక ఫ్యాను దొరికాయి. ఊహించినట్టే అయిందని చీకటయ్యకి ఒక రకమైన తృప్తి కలిగింది. చివరికి పై వరండా కొసన ఉన్న స్విచ్ బోర్డు దగ్గరికి వచ్చాడు. పై వరుసలో ఆఖరి స్విచ్చు పక్కన అంటించిన చీటీ ఎప్పుడో ఊడిపోయింది. జిగురు మరక మాత్రం ఉంది. అది మూలగదిదని ఆయనకి తెలుసు. ఆ గది రెండేళ్లుగా ఖాళీ. లోపల పాత ఏసీ ఒకటి తప్ప ఏమీ లేదు. కానీ మూసిన తలుపు వెనక నుంచి సన్నగా గుర్రుమంటూ శబ్దం వస్తోంది.

"ఖాళీ గదికి చల్లదనం ఒకటి" అని గొణుక్కుని స్విచ్చు నొక్కాడు. శబ్దం ఆగింది. చీకటయ్య మనసు కుదుటపడింది. తాళం వేసుకుని ఇంటికెళ్లిపోయాడు.

ఆ గది ఆ మధ్యాహ్నం దాకా ఖాళీగానే ఉంది. ఆయన డాక్టరు గది ముందు బెంచీ మీద కూర్చున్న సమయంలో ప్రయోగశాలలో ఒక ప్లగ్గు మాడి పొగ వచ్చింది. దాంతో అక్కడున్న మొలకల పెట్టెని నలుగురు కలిసి మూలగదికి మోశారు. బీరువా అంత ఎత్తున్న స్టీలు పెట్టె అది. లోపల వేడి, తేమ, వెలుతురు ఎంత కావాలంటే అంతే ఉంటాయి. విత్తనాల్లో ఎన్ని మొలకెత్తుతాయో దాంట్లో పెట్టి చూస్తారు.

మూడు రోజులూ చీకటయ్య ఇంట్లో హాయిగానే గడిపాడు. తల్లి గదిలో ఆయన ఎప్పుడో పెట్టిన చిన్న బల్బే ఉంది. డాక్టరు చెప్పిన వెలుతురు సంగతి భార్య రెండుసార్లు గుర్తుచేసింది. పగలు కిటికీ దగ్గర కూర్చుంటే సరిపోతుంది కదా అన్నాడు. తల్లి నవ్వింది. "దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దవాళ్లు. నువ్వు ఇల్లు చక్కబెట్టడానికి దీపాన్నే తీసేశావు కదరా" అంది.

నాలుగో రోజు పొద్దున్న ఆయన ఆఫీసులో అడుగుపెట్టేసరికి పై వరండాలో జనం గుమిగూడి ఉన్నారు. మూలగది తలుపు బార్లా తీసి ఉంది. పాచిపోయిన వాసన మెట్ల దాకా వస్తోంది.

మొలకల పెట్టె ముందు మొలకలమ్మ నిలబడి ఉంది. ఆవిడది విత్తన పరీక్షల విభాగం. ఇరవై ఏళ్లుగా మొలకలు లెక్కపెట్టడమే పని కాబట్టి ఆ పేరు స్థిరపడింది. ఆవిడ చేతిలో ఒక ట్రే, ట్రేలో తడి కాగితం. కాగితం మీద ఉన్నవి గింజలని చెప్తే తప్ప తెలియదు. బూడిదరంగు బూజు పట్టి, నల్లగా, జిగటగా ఉన్నాయి.

అవి ఒక పాతరకం చిరుధాన్యం గింజలు. వానలు మొహం చాటేసిన ఏళ్లలో కూడా పండుతుందని దానికి పేరు. ఎక్కువ పండే కొత్త రకాలు వచ్చాక దాన్ని వేసేవాళ్లు మానేశారు. ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు. కేంద్రంలోని కోల్డ్ రూములో ఇరవై మూడేళ్లుగా ఒక్క పొట్లం దాచి ఉంది. పొట్లంలో రెండువందల అరవై గింజలు. మొలకలమ్మ రెండువందలు పరీక్షకి పెట్టి, ముందుజాగ్రత్తగా అరవై వెనక్కి తీసి ఉంచింది. సెలవుల ముందు మధ్యాహ్నానికే పదకొండు గింజలు పగిలి తెల్లటి మొన బయటపెట్టాయి. ఆ తర్వాత మూడు రోజులు కరెంటు లేకుండా, గాలాడకుండా, ఎండకి కాగిన గదిలో స్టీలు పెట్టె పొయ్యి మీద మూత పెట్టిన గిన్నెలా ఉడికింది.

"ఎవరో స్విచ్చు ఆర్పారు సర్" అంది మొలకలమ్మ డైరెక్టరుతో. గొంతు పెంచలేదు. "ఫ్యూజు పోలేదు. స్విచ్చు ఆర్పి ఉంది. నేనే వచ్చి వేశాను."

డైరెక్టరు అందరి ముఖాలూ చూశాడు. ఎవరో నవ్వడానికి ప్రయత్నించారు. "చీకటయ్యగారి అదృష్టం బాగుంది. ఆ పూట సెలవు పెట్టారు కాబట్టి సరిపోయింది. లేకపోతే ముందు ఆయన్నే పట్టుకునేవాళ్లం" అన్నారు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు చీకటయ్య చెయ్యి జేబులోని తాళంచెవి మీదికి పోయింది. నోరు తెరుద్దామనుకున్నాడు. అప్పుడే డైరెక్టరు వాచ్‌మన్ వైపు తిరిగాడు.

"సెలవుల్లో ఇక్కడున్నది నువ్వొక్కడివే."

"ఉన్నాను సర్. పైకి రాలేదు" అన్నాడు పెద్దాయన.

"పోయినేడాది ఏదో వాసన వస్తోందని మెయిన్ ఆర్పేసింది నువ్వే కదా."

"అప్పుడు ఆర్పాను సర్. ఆర్పి మీకు ఫోన్ చేశాను. ఇప్పుడు ముట్టుకోలేదు."

"నాలుగింటికల్లా సంజాయిషీ రాసి ఇవ్వు" అని డైరెక్టరు లోపలికి వెళ్లిపోయాడు.

జనం చెదిరారు. చీకటయ్య తన బల్ల దగ్గరికొచ్చి కూర్చున్నాడు. ఫైలు ఒకటి తెరిచి ఒకే పేజీ చూస్తూ పదకొండున్నర దాకా బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోయాడు. చెప్పడానికి ఆయనకి అడ్డుపడ్డది డైరెక్టరు మీద భయం ఒక్కటే కాదు. ఇన్నేళ్లూ ఆయన చేతిలో ఉన్న గొప్ప ఒక్కటే. తను ఆర్పేది వృథాని మాత్రమే అని. ఆ మాట ఇక అనలేడు. తను నోరు విప్పితే రేపటి నుంచి ప్రతి గదిలో లైటు వెలుగుతూనే ఉంటుందని, ఎవరినీ ఏమీ అడగలేనని కూడా అనిపించింది. ఆ ఆలోచనకి న్యాయం రంగు పూయడానికి చాలాసేపు ప్రయత్నించాడు. రంగు అంటలేదు.

భోజనం వేళకి భార్య దుకాణానికి వెళ్లాడు. ఆవిడ ఒక చొక్కాకి కాలరు తిరగేసి కుడుతోంది. తల ఎత్తి చూసి, "డబ్బా తీసుకెళ్లారు కదా, ఇటొచ్చారేంటి" అంది.

ఆయన ఇస్త్రీ బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని జరిగింది మొత్తం చెప్పాడు. ఆవిడ మధ్యలో మిషను తొక్కడం ఆపేసింది.

"ఎవరికి చెప్పారు?"

"నీకే."

"నేను మీ ఆఫీసులో పనిచేయను కదండీ."

ఆయన బల్ల మీది గుడ్డముక్క మడతపెడుతూ, "ఇరవై ఆరేళ్ల సర్వీసు. ఒక్క మెమో లేదు" అన్నాడు.

"ఆ పెద్దాయనది ఎన్నేళ్లు?"

"ముప్పై ఒకటి. ఈ ఏడాది ఆఖరికి రిటైరవుతాడు."

"ఆయనకి మెమోలున్నాయా?"

"లేవు."

ఆవిడ సూది దగ్గర దారం తెంపింది. "డైరెక్టరు దగ్గరికి తర్వాత వెళ్లండి. ముందు ఆయన దగ్గరికెళ్లండి. ఏం రాయాలో తెలీక కాగితం పట్టుకుని కూర్చునుంటాడు."

నిజంగానే పెద్దాయన గేటు పక్క గదిలో మోకాళ్ల మీద అట్ట పెట్టుకుని, అట్ట మీద కాగితం పెట్టుకుని కూర్చున్నాడు. పైన తేదీ రాసి ఉంది. కింద ఏమీ లేదు. చీకటయ్యని చూసి లేవబోయాడు.

"మంచిపని చేశారు వచ్చి. చేసినదానికి సంజాయిషీ ఎలా రాయాలో తెలుసు సర్. చేయనిదానికి ఎలా మొదలుపెట్టాలో తెలీడం లేదు."

"అది మీరు రాయక్కర్లేదు పెద్దాయనా. ఆర్పింది నేను" అన్నాడు చీకటయ్య. ఆ సాయంత్రం రావడం, పక్క గుమ్మం, గుర్రుమనే శబ్దం, అన్నీ నిలబడే చెప్పాడు.

పెద్దాయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "పొద్దున్న అందరూ ఉన్నప్పుడు చెప్పలేదేం?"

"భయమేసింది."

"నాకూ వేసింది సర్" అన్నాడు పెద్దాయన. బయట ఏదో బండి ఆగితే గేటు తీయడానికి వెళ్లాడు.

డైరెక్టరు ఆయన చెప్పిందంతా విని, పెన్ను మూత తీసి మళ్లీ పెట్టాడు. "పొద్దున్నే చెప్పి ఉంటే పొరపాటు ఒకటే ఉండేది. ఇప్పుడు రెండు" అన్నాడు. మెమో ఇచ్చాడు. తాళంచెవి తీసుకున్నాడు. ఇక మీద ఏ గదిలో ఏది ఆర్పాలన్నా ఆ గదివాళ్లని అడిగే ఆర్పాలని చెప్పాడు. మర్నాడు అందరినీ పిలిచి, వాచ్‌మన్‌కి ఈ విషయంతో సంబంధం లేదని తనే ప్రకటించాడు. చీకటయ్య అక్కడే లేచి నిలబడి, ఆర్పింది తనేనని, పెద్దాయన మీద నింద పడుతుంటే చూస్తూ ఊరుకున్నానని చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. అది ఆయనకి తిట్టడం కన్నా కష్టంగా అనిపించింది.

మొలకలమ్మ దగ్గరికి వెళ్లడం అన్నిటికన్నా ఆఖరి పని. ఆవిడ బల్ల మీద భూతద్దం తుడుచుకుంటోంది.

"క్షమించమని అడగడానికొచ్చాను."

"అడగండి. కోపం మాత్రం ఇప్పట్లో పోదు" అంది. భూతద్దం పక్కన పెట్టింది. "అరవై గింజలు మిగిలాయి. ఎల్లుండి పరీక్షకి పెడుతున్నాను. రెండుసార్లు, ఇద్దరు మనుషులు లెక్కపెడితేనే లెక్క చెల్లుతుంది. నా అసిస్టెంటు కాన్పు సెలవులో ఉంది. రోజూ ఎనిమిదింటికి రాగలరా?"

"వస్తాను."

"స్విచ్చుల జోలికి వెళ్లకుండా?"

"వెళ్లకుండా."

అలా చీకటయ్య పద్నాలుగు రోజులు ఎనిమిదింటికి ఆఫీసుకి వెళ్లాడు. చేతులు సబ్బుతో కడుక్కుని, ఆవిడ ఇచ్చిన తెల్లకోటు తొడుక్కుని, భూతద్దంలోంచి ఒక్కో గింజనీ చూసేవాడు. మొదటి మూడు రోజులూ ఏమీ లేదు. తడి కాగితం మీద ఆవగింజల్లా అరవై చుక్కలు. నాలుగో రోజు ఒక గింజ పక్కన గీతలా ఏదో కనిపిస్తే నలుసేమో అనుకున్నాడు. "వేరు. ముందు వేరే వస్తుంది. కిందికి పట్టు దొరికాకే పైకి చూస్తుంది" అంది మొలకలమ్మ, పుస్తకంలో ఒకటి అని రాసుకుంటూ.

ప్రయోగశాల పక్కనే కోల్డ్ రూము. దాని కంప్రెసర్ శబ్దం గోడలోంచి వస్తూ ఉంటుంది. అందరి చెవులకీ అలవాటైపోయి ఎవరికీ వినిపించదు. పొద్దున్నే నిశ్శబ్దంగా కూర్చుని గింజలు చూస్తుంటే చీకటయ్యకి వినిపించింది. ఆరో రోజు అడిగాడు.

"అది మధ్యమధ్యలో ఆగాలి కదా?"

"ఆగాలి. రెండేళ్లుగా ఆగడం లేదు. తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ చిరిగింది. లోపలి చలి బయటికి పోతూనే ఉంటుంది, మోటారు తిరుగుతూనే ఉంటుంది."

"మార్పించమని రాయలేదా?"

మొలకలమ్మ భూతద్దం మీంచి తలెత్తి ఆయన్ని చూసింది. "రెండుసార్లు రాశాను" అంది. మళ్లీ గింజల వైపు వంగింది.

చీకటయ్య స్టోర్స్ గదికి వెళ్లి ఇండెంట్ల ఫైళ్లు దించాడు. రెండూ దొరికాయి. రెండింటి అడుగునా ముత్యాల్లాంటి గుండ్రటి అక్షరాలు. మొదటిదాని మీద "ప్రస్తుతం అవసరం లేదు. ఉన్నదాన్నే జాగ్రత్తగా వాడుకోవాలి." రెండోదాని మీద "చిరిగినచోట టేపు వేసుకోగలరు." కింద సంతకం. ఆ దస్తూరీని ఆయన ఆఫీసులో ఎంతోమందికి చూపించి ఇలా రాయాలని చెప్పేవాడు.

ఆ రోజు కరెంటు మిస్త్రీని పిలిపించి, కోల్డ్ రూము ఎంత కరెంటు తింటోందో చూడమన్నాడు. మిస్త్రీ తీగలకి ఏదో తగిలించి, గంటసేపు చూసి, బుర్ర గోక్కున్నాడు.

"సర్, మీరు ఏడాది పొడవునా ఆర్పిన లైట్లన్నీ కలిపితే ఈ తలుపుకి పదిహేను రోజుల మేత."

చీమ దూరే సందు మట్టితో మెత్తి, ఏనుగుకి గుమ్మం తీసి ఉంచిన మనిషి ఎలా నిలబడతాడో అలా నిలబడ్డాడు చీకటయ్య. మర్నాడు పొద్దున్న తెల్లకోటు తొడుక్కుంటూ, "ఆ రెండు ఇండెంట్లూ తిప్పి పంపింది నేనే" అన్నాడు.

"తెలుసు. సంతకం మీదే కదా" అంది మొలకలమ్మ.

"మరి ఒక్కమాట అనలేదేం?"

"మీతో వాదనకి దిగితే గంట పోతుంది. ఆ గంటలో నేను వంద గింజలు చూసుకుంటాను."

పదో రోజుకి గింజల్లో పదిహేడు మొలిచాయి. చీకటయ్య రబ్బరు పట్టీకి తనే ఇండెంటు రాసి, తనే డైరెక్టరు దగ్గరికి తీసుకెళ్లి, ముందు రెండూ ఎందుకు ఆగాయో కూడా చెప్పాడు. డైరెక్టరు సంతకం పెట్టి, "ఈసారి మెమో ఇవ్వనులెండి. ఫైలు సరిపోదు" అన్నాడు. ఆయన హాస్యమాడటం అరుదు. చీకటయ్యకి నవ్వాలో వద్దో తెలియలేదు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం ఆయన ఇంటికి పెద్ద బల్బు తీసుకెళ్లి తల్లి కుర్చీకి పైన బిగించాడు. వెలుతురు ఒళ్లో పడేలా తీగ కిందికి దించాడు. తల్లి చేతులు తిప్పి తిప్పి చూసుకుని, "గోళ్లు ఇంత పెరిగాయా" అంది. భార్య వెళ్లి గోళ్లు తీసే కత్తెర తెచ్చింది. కూతురు మాత్రం మర్నాడు బల్బు దగ్గరికి వెళ్లి, ఇది ఎవరి అనుమతితో వెలుగుతోందని అడిగి అందరినీ నవ్వించింది. చీకటయ్య ఆ వారం ఇంట్లో ఇంకో పని కూడా చేశాడు. భార్య వంటింట్లో ఏం చేస్తోందో గడప దగ్గర నిలబడి చూశాడు. కడిగిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయో, గిన్నె మీద గిన్నె ఎందుకు పెట్టిందో అడిగాడు. "పెళ్లయిన పద్దెనిమిదేళ్లకి వంటిల్లు కనబడిందా" అంది ఆవిడ. అడిగినవాటికి జవాబు మాత్రం చెప్పింది.

రబ్బరు పట్టీ బిగించే రోజు మిస్త్రీ పొద్దుటి నుంచి తలుపు దగ్గరే ఉన్నాడు. పాతది పీకి, గాడి శుభ్రం చేసి, కొత్తది మూల మూలా వేలితో నొక్కుతూ కూర్చోబెట్టాడు. తలుపు మూస్తే మెత్తగా అతుక్కుంది. పన్నెండు దాటాక, అందరూ ఎవరి పనిలో వాళ్లుండగా, కంప్రెసర్ ఆగింది.

రెండేళ్లుగా వినబడని శబ్దం ఆగాక వినబడింది. పై అంతస్తులో టైపు చేస్తున్నవాళ్లు చేతులు ఆపారు. ఒకరు కిటికీలోంచి తొంగిచూసి కరెంటు పోయిందా అన్నారు. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. మెట్ల మీద పరుగు వినిపించింది. వాచ్‌మన్ పెద్దాయన రొప్పుతూ పైకొచ్చి, మూలగది బోర్డు వైపు ఒకసారి చూసి, కోల్డ్ రూము ముందు నిలబడ్డ చీకటయ్య దగ్గరికొచ్చాడు.

"కోల్డ్ రూము ఆగిపోయింది సర్. నేనేం ముట్టుకోలేదు."

"తెలుసు పెద్దాయనా. దానంతటదే ఆగింది. అలాగే ఆగాలి."

పెద్దాయనకి నమ్మకం కలగలేదు. "మళ్లీ వస్తుందా?"

"చలి తగ్గితే వస్తుంది."

"వచ్చేదాకా ఉంటాను" అన్నాడు. ఇద్దరూ గోడకి ఆనుకుని నిలబడ్డారు. మిస్త్రీ సామాను సర్దుకుని వెళ్లాడు. పావుగంట దాటాక గోడ వెనక ఏదో కదిలినట్టయి, కంప్రెసర్ గుర్రుమంది. పెద్దాయన తలాడించి కిందికి దిగి వెళ్లాడు.

అరవై గింజల్లో ఇరవై మూడు మొలిచాయి. మొలకలమ్మ వాటిని కుండీల్లోకి మార్చింది. రెండు చచ్చిపోయాయి. ఇరవై ఒకటి నిలబడ్డాయి. మొదటి రెండువందలూ పాడుకాకపోతే ఎన్ని నిలబడేవో ఎవరూ చెప్పలేరని ఆవిడ నివేదికలో రాసింది. కింద రెండోసారి లెక్కపెట్టిన మనిషిగా చీకటయ్య సంతకం పెట్టాడు. అసిస్టెంటు సెలవు నుంచి తిరిగొచ్చాక కూడా ఆయన పొద్దున్నే వెళ్లి కుండీలు చూసి వచ్చేవాడు. ఆవిడ కోపం పోయిందో లేదో అడగలేదు. ఒకరోజు టీ తాగుతూ ఆవిడ తన గ్లాసుతోపాటు ఆయన గ్లాసు కూడా కడిగి పెట్టింది.

సాయంత్రం తిరగడం ఆయన మానలేదు. ఆఫీసు మూసే ముందు అరగంట, మనుషులు ఉండగానే తిరిగేవాడు. "ఇది ఉండాలా, ఆర్పాలా" అని అడిగేవాడు. మొదట్లో విసుక్కున్నారు. తర్వాత కొందరు ఆయన వచ్చేలోపే ఆర్పడం నేర్చుకున్నారు. కొందరు నేర్చుకోలేదు. అలాంటి గదుల ముందు ఆయన కాసేపు నిలబడి, పళ్లు బిగించి, అడిగి, సరే అంటే ఆర్పేవాడు. ప్రయోగశాలలోవాళ్లు ఒకరోజు ఆయన్ని పిలిచి, ఏ యంత్రాలు పగలంతా ఊరికే తిరుగుతున్నాయో తామే చూపించారు. స్విచ్చుల పక్కన చీటీలు ఆయనే రాశాడు. పేరు మాత్రం మారలేదు. చీకటయ్య చీకటయ్యగానే ఉండిపోయాడు.

వాచ్‌మన్ పెద్దాయన ముందులాగే నమస్కారం పెట్టేవాడు, ముందులాగే గేటు తీసేవాడు. కానీ అంతకుముందు సైకిలు నిలబెడుతుంటే రెండు మాటలు కలిపేవాడు. ఎండ గురించో, మోకాళ్ల గురించో. అవి ఆగిపోయాయి. చీకటయ్య కలుపుదామని చూశాడు. పెద్దాయన మర్యాదగా, అడిగినంతవరకే జవాబు చెప్పేవాడు. మాట పడ్డ మనిషికి మాటతో చికిత్స లేదని చీకటయ్యకి అర్థమైంది. ఊరుకున్నాడు.

వానలు మొదలై నెల గడిచాక ఒక మధ్యాహ్నం పెద్దాయన తడిసిన గొడుగు గుమ్మం బయట ఆనించి లోపలికొచ్చాడు. బల్ల ముందు నిలబడి, "సెలవు అర్జీ ఒకటి రాసిపెట్టాలి సర్. చెల్లెలి కూతురికి పెళ్లి కుదిరింది" అన్నాడు.

ముప్పై ఒక్క ఏళ్లలో ఆయన అర్జీలన్నీ గేటు ఎదురుగా ఉన్న టైపు దుకాణంలోనే రాయించుకునేవాడు. చీకటయ్య ఆ మాట అనలేదు. కుర్చీ చూపించాడు. పెద్దాయన కూర్చున్నాడు.

"ఎన్ని రోజులు?"

"నాలుగు చాలు సర్."

"వారం రాస్తాను. మేనమామ మీరు, నాలుగు రోజులకే వచ్చేస్తే ఊరుకుంటారా?"

పెద్దాయన కిటికీలోంచి వాన వైపు చూశాడు. "వానల్లో గేటు దగ్గర నీళ్లు నిలుస్తాయి. కాలువ చూసుకునేవాడు ఉండాలి."

"నేను చూస్తాను. ఎక్కడ మూసుకుపోతుందో వెళ్లేముందు చూపించండి."

"సరే అయితే. వారం రాయండి" అన్నాడు పెద్దాయన.